తెల్ల మొలకల మడి

ఆ మడిలో మందు పోసింది నేనేనని ఆ రోజు చెప్పలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. యూనివర్సిటీలో వృక్షశాస్త్ర పరిశోధనలో ఉన్నాను. ఆగిరిపల్లి దగ్గర మా మావయ్యకు మామిడితోట, అందులోనే అంటుమొక్కల నర్సరీ ఉండేవి. అంటు కట్టే పెద్దాయనను నేను బాబాయ్ అనేవాణ్ణి. నాటు మామిడి టెంకలు ఏరి, తాజాగా ఉండగానే మడిలో పాతి, పెరిగిన మొక్కకు రసాల కొమ్మ అంటు కట్టేవాడు.

ఆకుకు పచ్చదనం ఇచ్చేవి హరితరేణువులు. వాటికి కావలసిన ప్రొటీన్లలో చాలావాటి జన్యువులు కణకేంద్రకంలో ఉంటాయి. కేంద్రకం చెప్తుంది, అవి వింటాయి అనుకునేవాళ్లం. హరితరేణువులు పాడైతే ఆ సంగతి ఎలాగో కేంద్రకానికి తెలిసి, ఆ జన్యువుల పని ఆపేస్తుందని అప్పుడప్పుడే తేలుతోంది. ల్యాబ్‌లో జొన్న మొలకల మీద చూశాను. మామిడిలోనూ చూడాలనిపించింది. సెలవులకు వస్తూ చిన్న సీసాలో కలుపుమందు తెచ్చి, ఎవరికీ చెప్పకుండా ఒక మడికి పోశాను. ఆ మందు ఆకులో పసుపు రంగును తయారు కానివ్వదు. ఆ రంగు కాపాడకపోతే హరితరేణువులు ఎండకే పాడైపోతాయి.

ఎర్రటి లేతాకులు పచ్చబడాల్సిన రోజుల్లో తెల్లగా పాలిపోయాయి.

"జ్యూస్ ఫ్యాక్టరీవాళ్లు పారేసిన ఎండు టెంకల కుప్పలోంచి ఎత్తుకొచ్చావు కదూ? తోటలో ఏరడానికి నడుం వంగలేదా?" అన్నాడు మావయ్య, బాబాయ్‌తో.

"అమ్మతోడండీ, మన చెట్ల కింద ఏరినవే. అన్నీ ఒకే గంపలోవి. ఇటు చూడండి, పందిరి నీడలోవి కాస్త పచ్చగానే ఉన్నాయి. టెంక చెడ్డదైతే నీడలో మాత్రం పచ్చగా ఎలా వస్తుందండీ?"

"ఇంక పాఠాలు కూడా నువ్వే చెప్పు. ఏరా అల్లుడూ, చదువుకున్నోడివి, ఏంటిది?"

ఇద్దరూ నా వైపు చూశారు. బాబాయ్ చూపించినదే రుజువు. నీడలో ఎండదెబ్బ తగ్గి కొంత పచ్చదనం మిగిలింది. నాకు తెలుసు.

"టెంకల్లోనే లోపం ఉండొచ్చు" అన్నాను.

ఏమీ అనిపించలేదు. భోజనానికి పిలిస్తే వెళ్లి తిన్నాను. టెంకలో నిల్వ ఉన్న ఆహారం అయిపోయేదాకా ఆ మొలకలు నిలబడ్డాయి, తర్వాత ఎండిపోయాయి. పనికిరాని టెంకలు పాతాడన్న మాట చుట్టుపక్కల నర్సరీలకు పాకింది. ఆయనకు మళ్లీ ఎవరూ అంటు కట్టే పని ఇవ్వలేదు. నా థీసిస్‌లో ఆ మడి ప్రస్తావన లేదు.

కొన్నేళ్లకు, ఇంకా ఎనభైల్లోనే, హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆయన లారీలోకి మామిడికాయల పెట్టెలు ఎత్తుతున్నాడు. నన్ను గుర్తుపట్టి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"బాగున్నారా బాబూ? ఆ తెల్ల మొలకల సంగతి మీ చదువులో ఏమన్నా తేలిందా?"

"నాకు అప్పుడే తెలుసు బాబాయ్. నీ టెంకలు మంచివే. మందు పోసింది నేను. మావయ్య అడిగితే అబద్ధం చెప్పాను. ఆయనకూ ఇవాళే చెప్తాను. నన్ను క్షమించు."