నోటుబుక్కులో రాయని మజ్జిగ

ముందుగా ఒక మాట. నేను ఐదో తరగతి దాకా చదివాను, అదీ సరిగ్గా కాదు. మిరప ఏరే కాలం వస్తే బడి మానేసి అమ్మతో తోటకు పోయేదాన్ని. ఏ అక్షరం కింద ఏ ఒత్తు పెట్టాలో ఇప్పటికీ భయమే. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పది కాగితాలు చింపాను. తప్పులుంటాయి, కోపం తెచ్చుకోకండి. కానీ ఇది మా ఇంట్లో మేము గెలిచిన సంగతి. గెలిచి నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

మాది ఏన్కూరు దగ్గర ఊరు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, మా పాప. మా ఆయన బోరు బండి మీద పనికి పోతాడు, నెలకు ఒకటి రెండుసార్లే ఇంటికి వస్తాడు.

పాపకు ఎనిమిదేళ్లు నిండినా ఐదేళ్ల పిల్లలాగే ఉండేది. చేతులు పుల్లల్లా, పొట్ట మాత్రం ముందుకు. నెలలో సగం రోజులు కడుపు నొప్పి, విరేచనాలు. బడిలో పొద్దున ప్రార్థనకు పిల్లల్ని పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల దాకా వరసగా నిలబెడతారు. వాళ్ల తరగతిలో అందరికంటే ముందు నిలబడేది మా పాపే. ఒకరోజు ఇంటికొచ్చి సంచి విసిరేసింది.

"అమ్మా, నేను ఎప్పుడు ఎనక్కి పోత? అందరు నన్ను చిటికెన వేలు అంటున్రు."

కడుపు బాగాలేనప్పుడు తేలికగా ఉంటుందని చాయ్‌లో బిస్కెట్లు ముంచి పెట్టేదాన్ని. పాలలో బ్రెడ్డు పెట్టేదాన్ని. అవే తనను తినేస్తున్నాయని నాకు అప్పుడు తెలియదు.

మా ఊళ్లో, ఏన్కూరులో చూపించి, చివరికి ఖమ్మంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయాం. రక్తం తీశారు, నోట్లో నుంచి గొట్టం వేసి చూశారు. డాక్టరమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"నీ బిడ్డకు గోధుమ పడదమ్మా. అన్నం పెట్టు, జొన్నలు పెట్టు, సామలు, కొర్రలు, మక్కజొన్నలు, అన్నీ పెట్టు. గోధుమ మాత్రం గింజంత కూడా లోపలికి పోవద్దు. బిస్కెట్, బ్రెడ్డు, సేమ్యా, ఉప్మా రవ్వ, మైదా, అన్నీ బంద్."

"ఎన్ని రోజులు మేడం?"

"ఎప్పటికీ."

"మందు రాయరా?"

"రక్తం పట్టడానికి రాస్తా. ఈ జబ్బుకు మాత్రం తిండే మందు."

బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను. ఇంట్లో మా అత్తమ్మ అంతా విని పకపకా నవ్వింది.

"గింతదానికేనా ఏడ్సుడు? నా చిన్నప్పుడు గోధుమ మొఖం ఎవ్వరు జూసిన్రే? జొన్న గట్క తిని గిట్ల బండ లెక్క లేనా నేను?"

పాపకు కూడా నవ్వొచ్చింది. "నాయనమ్మా, నువ్వు బండవే!" అంది.

అత్తమ్మ ఆ సాయంత్రమే కొట్టంలో మూలకు పడేసిన ఇసుర్రాయిని కడిగి అరుగు మీదికి తెచ్చింది. గిర్నీలో అందరూ గోధుమలు పట్టిస్తారు, ఆ పిండి మా జొన్నపిండిలో కలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అందుకని డెబ్బై దాటిన మనిషి రోజూ పొద్దున్నే కూర్చుని జొన్నలు విసిరేది. ఇంట్లో ఉన్న గోధుమపిండి, రవ్వ అన్నీ పక్కింటికి ఇచ్చేశాం. అడవి ఊళ్ల ఆడవాళ్లు సంతకు తెచ్చే సామలు కొనేదాన్ని. సామల ఉప్మా, జొన్నరొట్టె, బియ్యప్పిండితో సర్వపిండి. పాప ఒక్కరోజు కూడా మారాం చేయలేదు. బడిలో ఎవరైనా పుట్టినరోజుకు కేకు ఇస్తే, "నాకు పడదు" అని చెప్పి తను తెచ్చుకున్న పల్లిపట్టి తినేది.

మొదటి నెల బాగుంది. పాప ముఖంలో కళ వచ్చింది. ఆ తర్వాత మళ్లీ నొప్పి మొదలైంది. మూడు నెలలకు ఖమ్మం పోతే, రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

"జబ్బు తగ్గాల్సినంత తగ్గలేదు. ఇంట్లో ఎవరో తినిపిస్తున్నరమ్మా."

"లేదు మేడం, ఒట్టు."

"అయితే ఒక నోటుబుక్కు పెట్టు. ఏది తిన్నా రాయి. మళ్లా మూడు నెలలకు ఇట్లనే ఉంటే హైదరాబాద్ పంపాల్సి వస్తది. ఎదిగే వయసు ఊరికే పోతుంది, గుర్తు పెట్టుకో."

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఇంటికి వచ్చీ రాగానే అత్తమ్మ మీద పడ్డాను. పగలు నేను తోటలో ఉంటే పాప ఆమె దగ్గరే కదా ఉండేది.

"నిజం చెప్పు అత్తమ్మా. చాటుకు బిస్కెట్ గిన పెడ్తున్నవా?"

ఆమె విసురుతున్న చెయ్యి ఆపింది. నా వైపు చూడనే లేదు.

"నా మనవరాలికి నేనే ఇసం పెడ్తనా? బాగనే అడిగినవ్ బిడ్డా."

అంతే. ఆరోజు నుంచి నాతో మాట మానేసింది. జొన్నలు విసరడం మాత్రం మానలేదు. పొద్దున్నే ఇసుర్రాయి చప్పుడు వినిపించేది, మనిషి మాట వినిపించేది కాదు.

నేను నోటుబుక్కు మొదలుపెట్టాను. బడి మానేశాక పెన్ను పట్టింది అప్పుడే. పొద్దున రెండు జొన్నరొట్టెలు, టమాట పచ్చడి. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. సాయంత్రం ఉడకబెట్టిన పల్లికాయ. నొప్పి వచ్చిన రోజు పక్కన సున్నా చుట్టేదాన్ని. పాప నా వెనక నిలబడి నవ్వేది.

"అమ్మా, నీ అక్షరాలు చీమలు పోయినట్టున్నయ్."

"చీమలైతే ఏంది, నడుస్తున్నయ్ కదా?"

పదిహేను రోజులు రాశాను. సున్నాలు పెరుగుతూనే ఉన్నాయి. తిండిలో మాత్రం ఒక్క తప్పూ కనిపించలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం పాపతో మొదటి నుంచి చదివించాను, నాకు అర్థం కానిది దానికైనా అర్థమవుతుందేమోనని. అత్తమ్మ అరుగు మీద జొన్నలు చెరుగుతూ, వినీ విననట్టు కూర్చుంది. పాప మూడు పేజీలు చదివేసరికి చాట చప్పుడు ఆగిపోయింది.

"ఏమే పిల్లా, గా బుక్కుల మజ్జిగేదే?"

అన్ని రోజుల తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. అదీ నాతో కాదు, పాపతో.

"ఏ మజ్జిగ నాయనమ్మా?"

"మీ అమ్మ పొద్దుమాపు కలిపి ఇచ్చే ఇంగువ మజ్జిగ. అన్నీ రాసి గది రాయలేదేంది?"

నేను వెంటనే అన్నాను, "అది మందు కదా అత్తమ్మా, తిండి కాదు గదా."

"మందైతే ఏంది? కడుపులకు పోయిందా లేదా?"

మా వైపు ఏ ఇంట్లోనైనా కడుపు నొప్పి అంటే చిటికెడు ఇంగువ వేసిన మజ్జిగే ముందు ఇస్తారు. నాకు మా అమ్మ ఇచ్చింది, మా అమ్మకు వాళ్ల అమ్మ. పాపకు మొదటి నెల బాగుందని ఆపిన దాన్ని, మళ్లీ కాస్త నొప్పి అనగానే పొద్దున, సాయంత్రం ఇవ్వడం మొదలుపెట్టాను. నొప్పి తగ్గకపోతే చిటికెడుకు బదులు రెండు చిటికెళ్లు వేశాను. అది తిండి అని నాకు ఎన్నడూ తోచలేదు. దాని డబ్బా వంటింట్లో కూడా ఉండదు, దగ్గుమందు సీసా పక్కన గూట్లో ఉంటుంది.

పాప ఎగిరి ఆ డబ్బా అందుకుంది. వెనక చీమ తలకాయంత అక్షరాలు. ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు రావు, దానికి వస్తాయి. కూడబలుక్కుంటూ వేలు పెట్టి చదివింది. ఒక చోట వేలు ఆగింది.

"అమ్మా! గోధుమపిండి అని ఉన్నదే!"

"సరిగ్గ జూడవే!"

"జూసిన. గోధుమపిండే. రాసిన వరసల పిండి పేరు ముందున్నది, ఇంగువ పేరు ఎనకున్నది."

నమ్మకం కుదరక, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా డబ్బా పట్టుకుని ఏన్కూరు పోయాను. అక్కడ ముత్తాతల నుంచీ మసాలా దినుసులు అమ్మే భాయ్ కొట్టు ఉంది. ఆయన డబ్బా వాసన చూసి కింద పెట్టాడు.

"అవ్ చెల్లే, డబ్బాలల్ల వచ్చేదాంట్ల శానా వరకు పిండి కలుపుతరు. ఒట్టి ఇంగువ ఎవరు ఓర్సుకుంటరు? ఘాటుకు కండ్లకెంచి నీళ్లు కార్తయ్. కొందరు బియ్యప్పిండి కలుపుతరు, కొందరు గోధుమ."

"పిండి లేంది ఉంటదా భాయ్?"

ఆయన లోపలికి పోయి కాగితంలో చుట్టిన ఎర్రటి గడ్డ తెచ్చాడు. "గిది గడ్డ ఇంగువ. పప్పుల ఆవగింజంత ఏస్తే సాలు. కానీ ముందు డాక్టర్‌కు జూపించు. పిల్ల కడుపుతోని ఆటలొద్దు."

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ అరుగు మీదే ఉంది. ఆమె పక్కన కూర్చున్నాను. బిస్కెట్ అని ఆమెను అన్నాను, గోధుమ చూస్తే నా చేతిలోనే ఉంది. రోజుకు రెండు పూటలా నేనే కలిపాను.

"అత్తమ్మా, తప్పయింది. నోరు జారిన."

ఆమె చాట నా ఒళ్లో పెట్టింది.

"తప్పు నీది గాదు, నాది గాదు, డబ్బాది. జల్దీ చెరుగు, నాకు నడుము పడిపోతున్నది."

ఆ రోజు నుంచి ఇంగువ మజ్జిగ ఆపేశాం. ఎందుకైనా మంచిదని గడ్డ ఇంగువ కూడా ముట్టలేదు, జీలకర్రతోనే సరిపెట్టాం. ఇంట్లోకి ఏ పొట్లం వచ్చినా పాప వెనక అక్షరాలు చదివాకే పొయ్యి దగ్గరికి పోతుంది. మజ్జిగైనా, మాత్రైనా, గుళ్లో తీర్థమైనా నోట్లోకి పోయిందంటే నోటుబుక్కులోకి ఎక్కాల్సిందే. సున్నాలు ముందు తగ్గాయి. తర్వాత ఒక పేజీ అంతా సున్నా లేకుండా నిండింది. ఆ పేజీని అత్తమ్మకు చూపిస్తే, చదువు రాని మనిషి, కాగితం మీద చెయ్యి పెట్టి తడిమింది. "ఖాళీగ ఎంత మంచిగున్నదే" అంది.

మూడు నెలలకు మళ్లీ ఖమ్మం పోయాం. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది, పాపను బరువు తూచింది, ఎత్తు కొలిచింది. మళ్లీ కాగితం చూసింది.

"ఏం జేసినవమ్మా?"

నేను ఇంగువ సంగతి చెప్పాను. ఆమె నా నోటుబుక్కు తీసుకుని నిలబడే తిరగేసింది. బయట వరసలో జనం ఉన్నా తొందరపడలేదు.

"దొరికిందన్నమాట. హైదరాబాద్ అక్కర్లేదు. గిట్లనే నడిపించు. నువ్వు ఇది రాయాలె. ఇక్కడికొచ్చే అమ్మలు నా మాటకంటే నీ మాట వింటరు."

"నాకు రాయరాదు మేడం."

"నోటుబుక్కు నిండా రాసి రాయరాదంటావా?"

అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఏడాది బడి తెరిచిన వారంలో పాప సాయంత్రం పరిగెత్తుకుంటూ వచ్చింది. సంచి ఇంకా భుజానే ఉంది.

"నాయనమ్మా! అమ్మా! ఇయ్యాల ప్రార్థనల సారు నన్ను ఎనక్కి జరిపిండు!"

"ఎంత ఎనక్కే?"

"ఆరుగురి ఎనక!"

అత్తమ్మ దాన్ని గోడకు నిలబెట్టి బొగ్గుతో గీత గీసింది. పోయినేడు అదే గోడ మీద గీసిన గీతకు, ఈ గీతకు మధ్య నా జానెడు చెయ్యి పట్టలేదు గానీ, బెత్తెడు మాత్రం నిండుగా పట్టింది. ఆ రాత్రి మా ఇంట్లో పండగ. బియ్యప్పిండి అరిసెలు, సామల పాయసం. పాప మూడు గిన్నెలు తిన్నది. నేను మూడు గిన్నెలూ రాశాను.

ఇదంతా పాప చదివి చాలా తప్పులు దిద్దింది. కొన్ని దానికీ దొరకలేదట, ఆరో పేజీలో అలసిపోయింది. మిగిలినవన్నీ నావే. మా ఇంటి జొన్నరొట్టెలో మాడిన అంచును పక్కన పెట్టి తిన్నట్టు, వాటిని పక్కన పెట్టి మన్నించి చదవండి.