సుమయ్య కోటుకు షేర్వానీ మెడ

రెండేళ్ల కిందటి వానాకాలం. ఆబిడ్స్‌లోని నా టైలరింగ్ దుకాణానికి సుమయ్య అనే అమ్మాయి వచ్చింది. లా చదువు పూర్తయింది, మర్నాడే ఎన్‌రోల్‌మెంట్, అంటే వకీలుగా పేరు నమోదు. వాళ్లింట్లో ఆడపిల్లలెవరూ అంతకుముందు పదో తరగతి దాటలేదట. సంచిలోంచి నల్లకోటు తీసి బల్ల మీద పరిచింది. కుట్టు, అబ్బ, కళ్లకద్దుకోవచ్చు. కానీ మెడ గొంతు దాకా మూసి ఉంది. అచ్చంగా షేర్వానీ!

కుట్టింది వాళ్ల దాదా, నాంపల్లి ఖాదర్ చాచా. పూర్వం మగ వకీళ్లకు నల్ల షేర్వానీలు కుట్టినవాడు. మనవరాలి మొదటి కోటు ఇంకొకరి చేతికివ్వనని పట్టుబట్టి, అలవాటైన మెడే పెట్టేశాడు. ఆడ వకీళ్లకు లోపలి తెల్ల కాలరూ, బ్యాండూ, అంటే గొంతు కింద వేలాడే రెండు తెల్ల పట్టీలూ, పైకి కనబడాలి.

"అంకుల్, దాదాకు తెల్వకుండ జర మార్చున్రి. ఆయన మనసు నొచ్చుకుంటది," అంది సుమయ్య.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక దర్జీ కుట్టును ఇంకో దర్జీ దొంగచాటుగా విప్పుతాడా? ఆయన్ను పిలుచుకురమ్మన్నాను.

చాచా వచ్చాడు, విన్నాడు, మొహం మాడ్చుకున్నాడు. వకీళ్ల బట్టలు నాకు నేర్పుతావా అని నన్ను దులిపేశాడు. నేనూ తగ్గలేదు. మధ్యలో సుమయ్య మెల్లగా అంది: "దాదా, గది మగోళ్ల లెక్క. ఆడోళ్లది వేరే ఉంటది."

ఇంట్లో ఆయనకు ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల. చాచా కోటును తన వైపు లాక్కుని మెడ గుండీ విప్పాడు.

"ఔ, ఆడ వకీలుకు నేనెన్నడు కుట్టలే," అన్నాడు. "నువ్వే చెప్పు బేటీ, నేను కోస్త."

మూసిన మెడను లాపెల్‌గా, అంటే ఛాతీ మీదికి మడిచే కాలరుగా మార్చాలంటే ఉన్న బట్ట చాలదు. ముందు భాగం కొత్తగా కోయాల్సిందే. మా పనిలో ఎవరూ కత్తెర ఇంకొకరికివ్వరు. నేను నాది ఇచ్చాను. లాపెల్ ఎక్కడి దాకా రావాలో మనవరాలు చూపిస్తుంటే, తాత సుద్దముక్కతో గీశాడు. తప్పు గీస్తే ఆమె కసిరింది కూడా! పొద్దుగూకే లోపు కోటు తయారైంది. మర్నాడు ఎన్‌రోల్‌మెంట్ జరిగిపోయింది.

ఆమె తొలిసారి వాదించిన రోజు చాచా కోర్టు నుంచి నేరుగా నా దుకాణానికొచ్చాడు. ఏం వాదించిందని అడిగాను.

"సగం సమజ్ కాలే నర్సింగ్. గానీ జడ్జి ముందట బేటీ గొంతు జర గూడ తగ్గలే."

పెద్దవాళ్లు నొచ్చుకుంటారని చెప్పకుండా దాచడమూ వాళ్లను చిన్నచూపు చూడటమేనని నాకు అప్పుడు తెలిసింది. చెబితే నేర్చుకుంటారు. మనవరాలు చెబితే మరీ సంబరంగా నేర్చుకుంటారు.