మా కుక్క తొడుక్కున్న స్వెటర్

చిలీ దేశంలోని వాల్పరైసో ఊళ్లో మా కొండవీధి కుక్కకు ఇల్లు లేదు గానీ పని ఉంది. ఎవారిస్తో అనే చూపులేని ఆయన్ని రోజూ మెట్ల మీదుగా రొట్టెల కొట్టుదాకా దిగబెట్టేది. చలికాలంలో వీధికుక్కలకు చొక్కాలు కుట్టడం మా ఆనవాయితీ. దానికి, పోయిన మా ఆయన స్వెటర్ కత్తిరించి నేనే కుట్టాను.

ఆ కుక్క మీద సినిమా తీసేవాళ్లు వచ్చి స్వెటర్ సంగతి అడిగినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. నలభై ఏళ్ల నేస్తం, నా బిడ్డకు జ్ఞానస్నానపు తల్లి సునిల్దా నా బదులు జవాబిచ్చింది.

మరుసటి చలికాలం వీధి హాల్లో సినిమా వేశారు. తెరమీద సునిల్దా కళ్లొత్తుకుంటూ, "పోయిన మా ఆయన గుర్తండీ, నేనే కుట్టాను," అంది.

"మీ ఆయన నీ పక్కనే వేరుశనగలు నములుతున్నాడు కదే, దొంగమొహమా!" అని హాల్లో ముందు వరుసలో కూర్చున్న సునిల్దా మీద అరిచాను.

హాలంతా నవ్వింది. స్వెటర్ ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

"సినిమా అంటే అంతేలే వదినా," అంది సునిల్దా.

మర్నాడు కుక్క నా గుమ్మంలోకి వచ్చింది. స్వెటర్ విప్పేద్దామని ఒక బొత్తాం తీశాను. అది చలికి వణికింది. బొత్తాం మళ్లీ పెట్టేశాను. సునిల్దా గడప మాత్రం నేను ఇక తొక్కలేదు.