నెవెనా దాచిన సంగతి

గాబ్రోవో పట్టణంలో కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక, ముప్పై తొమ్మిదేళ్ల నెవెనా వంట నేర్చుకోవడానికి వృత్తి కళాశాలలో చేరింది. తోటివాళ్లంతా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు. అయినా మొదటి ఏడాది ఆమెదే పైచేయి.

రెండో ఏడాది చలి మొదలయ్యే రోజుల్లో వారంపాటు జ్వరం కాసింది. తగ్గిన రోజున కాఫీ తాగితే ఉత్త వేడినీళ్లలా ఉంది. వెల్లుల్లి నలిపి చూసింది. వెనిగర్ సీసా ముక్కుకు ఆనించుకుంది. కళ్లు మండాయి కానీ వాసన రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. వంట నేర్పే కోలెవ్ మేష్టారు మొదటి రోజే అన్న మాట ఆమె చెవుల్లోనే ఉంది. "చేతిపని నేను నేర్పుతాను. ముక్కు మాత్రం మీరే తెచ్చుకోవాలి."

అప్పటినుంచి రోజూ భయమే. ఉల్లిపాయ వేగిందో లేదో రంగు చూసి తెలుసుకునేది. పక్కవాళ్లు ఆహా అంటే తనూ ఆహా అనేది. మేష్టారు గిన్నె మూత తీసి, "ఏమమ్మా, మసాలా ఎక్కువైందంటావా?" అని అడిగితే "కాస్త" అని, ఆయన ముఖం మారుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేది.

డిసెంబరులో వచ్చే సెయింట్ నికోలాస్ పండుగకు చేపలో మసాలా కూరి కాల్చడం నేర్పే రోజున, ఓవెన్ ముందే వేడి చేసి పెడదామని అందరికంటే ముందు వచ్చింది. వంటగది తలుపు తోసుకుని లోపలికి వెళ్లి అగ్గిపెట్టె తీసింది. పుల్ల గీయబోతుండగా వెనకనుంచి కేక.

"అక్కా, గీయకు! గ్యాస్!"

పక్క పొయ్యి దగ్గర పనిచేసే పిల్ల, రాలిత్సా. చెయ్యి పట్టుకుని నెవెనాను బయటికి లాగేసింది. కేక విని పరుగెత్తుకొచ్చిన మేష్టారు గ్యాస్ కట్టేసి కిటికీలన్నీ తెరిచారు. రాత్రంతా ఒక పొయ్యి మీట కొద్దిగా తిరిగే ఉందట.

"మెట్లదాకా కంపు కొడుతోంది, నీకు తెలీలేదా అక్కా?"

నెవెనా జలుబు చేసిందని అనడానికి నోరు తెరిచింది. ఎదురుగా పాలిపోయిన ఆ పిల్ల ముఖం కనబడింది. మేష్టారి వైపు తిరిగింది.

"తెలీలేదు మేష్టారూ. రెండు నెలలైంది, నాకు ఏ వాసనా తెలీడం లేదు."

"రెండు నెలలా! ఇంతమంది పిల్లల్ని పెట్టుకుని! ఎందుకు చెప్పలేదు?"

"పంపించేస్తారని."

"పంపించేసేవాణ్ణే." ఆయన నెవెనా చేతిలోని అగ్గిపెట్టె తీసుకుని జేబులో వేసుకున్నారు. "ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. రేపటినుంచి రొట్టెల గదిలో ఉండు. అక్కడివి కరెంటు పొయ్యిలు. పిండి సంగతి చేతికి తెలుస్తుంది. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ అబద్ధమాడకు."

జూన్‌లో ఆమె రొట్టెల పనిలో ఉత్తీర్ణురాలైంది. అంతకుముందే, వసంతానికల్లా, మాడు వాసన ఒక్కటే మళ్లీ తెలియసాగింది, తక్కినవి రాలేదు. ఇప్పుడు త్ర్యావ్నా అనే ఊళ్లో ఒక బేకరీలో పనిచేస్తోంది. పొద్దున్నే తాళం తీశాక వెంటనే లోపల అడుగు పెట్టదు. వీధిలో పోయేవాళ్లను ఎవరినో ఒకరిని ఆపి, "లోపల గ్యాస్ వాసన ఏదైనా వస్తోందా, కాస్త చూడరూ" అని అడుగుతుంది. వాళ్లు లేదన్నాకే లోపలికి వెళ్తుంది. అప్పుడు కూడా లైటు స్విచ్ మీద చెయ్యి వేసేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంటుంది.