ఆ రాతి మీది పొల్లు

మా కింది వాటాలో నేల మారుస్తున్నారు. వారం రోజులుగా నల్లరాయి కోసే యంత్రం రొద. నీళ్లు పోస్తూ కోస్తారు గనుక దుమ్ము లేవదు గాని, తడిసిన రాతిపొడి వాసన మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది. ఆ వాసనకు నాకు కనబడేది ఒక్క మనిషే. రాయపురంలో సమాధుల తోట గోడ పక్కన తాటాకు పందిరి, దాని కింద గోనెపట్టా మీద కూర్చుని ఉలి నూరుకుంటున్న దేవసహాయం మేస్త్రి.

పందొమ్మిది వందల యాభైల నడుమ, బీఏ ముగించి ప్రభుత్వ ఉద్యోగానికి ఎదురుచూస్తూ రెండేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. సమాధిరాళ్లు చెక్కడం ఆయన పని. చెక్కవలసిన అక్షరాలను ముందుగా సన్నని కుంచెతో రాతిమీద తెల్లగా గీసి ఇవ్వడం నాది. అదే పట్నంలో నేనుండే చూలై నుంచి రోజూ నడిచి వచ్చేవాణ్ణి. మేస్త్రికి చదువు రాదు. ఇంగ్లీషు, తమిళం, తెలుగు, ఏదైనా ఆయనకు గీతలే. అందుకు ఆయనకు చింత లేదు. "చదివితే కన్ను ముందుకు పోతాది, చెయ్యి ఎనకాల పడిపోతాది" అనేవాడు.

ఒకసారి రేవులో మూటలు మోసే ఆయన, తల్లి రాతికోసం పేరు రాసి తెచ్చాడు. 'యెస్తేరు' అని ఉంది. నేను 'ఎస్తేరు' అని దిద్ది గీశాను. మేస్త్రి కాగితాన్నీ రాతినీ మార్చి మార్చి చూశాడు.

"ఏం బీఏ సామీ, ఈడ ఒక బొమ్మ, ఆడ ఒక బొమ్మ ఉండాదే?"

"కాగితంలో తప్పుంది మేస్త్రీ. సరిచేశాను."

"అంటే ఆయమ్మ బతికినన్నాళ్లూ తప్పుగానే బతికిందా?" అని తడిగుడ్డతో తుడిచేశాడు. "ఉండేది ఉన్నట్టు గీయి."

నేను నవ్వుకున్నాను గాని నేర్చుకోలేదు.

ఆ ఏడే ఎజ్రా గారు వచ్చారు. పగడాల వ్యాపారం చేసే ముసలాయన, యూదుడు. భార్య పోయి ఏడాది కావస్తోంది, రాయి నిలపాలి. ఆ ప్రార్థనకు వాళ్ల ఆచారం ప్రకారం పదిమంది మగవాళ్లు ఉండాలట. ఊళ్లో అంతమంది లేక కొచ్చి నుంచి బంధువులను పిలిపిస్తున్నారు. సోమవారం పొద్దున ప్రార్థన, ఆ సాయంత్రమే వాళ్ల రైలు.

"సిలువ ఏడ పెట్టాల అయ్యా?" అని మేస్త్రి అడిగాడు. ఏ రాతికైనా ఆయన మొదట అడిగే మాట అదే.

"సిలువ వద్దు."

"అదేంది, యేసుసామి మీవాళ్లే గదా!"

ఎజ్రా గారు నవ్వారు. "మావాడే మేస్త్రీ. సిలువ మాత్రం మాది కాదు."

హీబ్రూలో తమ చేత్తో రాసిన ఒక్క వాక్యం ఇచ్చి వెళ్లారు. కుడి నుంచి ఎడమకు గీయాలి. నేను కొలతలు వేసుకుని శ్రద్ధగా గీశాను. చిట్టచివరి అక్షరం దగ్గర ఆగాను. పైన ఒక అడ్డగీత, దాని కుడికొసన కిందికి దిగే కాలు. రెండూ కలిసేచోట చిన్న మూల వెనక్కి పొడుచుకు వచ్చి ఉంది. అంతకుముందు ఒక మాటలో ఇలాంటి అక్షరమే ఉంది గాని, అక్కడ భుజం గుండ్రంగా ఉంది. కలం జారి ఉంటుందనుకుని దీన్నీ గుండ్రం చేశాను.

"మూల ఉండాది గదా ఆడ. కొట్టేసినావే?" అన్నాడు మేస్త్రి.

"అది కలం మరక."

"నాకు మూల కనపడతా ఉండాది."

"మీకు చదవడం రాదు కదా మేస్త్రీ!"

ఆ భాషలో నాకూ ఒక్క అక్షరం రాదని ఆ క్షణాన తోచలేదు. ఆయన ఉలి అందుకుని నేను గీసినట్టే చెక్కాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఎజ్రా గారు చూడవచ్చారు. వేలితో కుడి నుంచి ఒక్కో అక్షరం తడుముతూ చివరిదాని మీద ఆగారు. పక్కనున్న బండమీద కూలబడ్డారు. ఆయన తమిళంలో చెప్పిన మాటలు ఇవి: "దేవుడు ఒకడు అని ఈ వాక్యం. మేము పోయేముందు పలికేది. నా భార్య నా చెయ్యి పట్టుకుని ఇదే పలికింది. ఆ మూల ఉంటే 'ఒకడు'. మూల లేకపోతే 'వేరొకడు'."

మేస్త్రి తలగుడ్డ తీశాడు. "తప్పు నాది అయ్యా. నా ఉలిది."

నావైపు చూడలేదు. నేను నోరు తెరిచాను. బయటికి వచ్చింది వేరే మాట: "ఈ ఊళ్లో ఇది చదవగలిగేది ఎవరండీ..."

"నోరు ముయ్ సామీ. చదివేటోడు పైన ఉండాడు" అన్నాడు మేస్త్రి.

పొద్దుగుంకితే వాళ్ల విశ్రాంతిదినం మొదలవుతుంది. శనివారమంతా ఎజ్రా గారు కలం పట్టరు, తమ రాతికి ఉలి తగలనివ్వరు. ఆదివారం మేస్త్రి ఉలి పట్టడు. ఏం చేసినా అప్పుడే చెయ్యాలి. ఎజ్రా గారు లేచి, పెన్సిలుతో ఆ మూల తామే గీశారు.

"ఇంతేనా!" అన్నాడు మేస్త్రి.

"ఇంతే. ధర్మశాస్త్రంలో చిన్న గీతయినా తప్పిపోదని మీ గుళ్లో చదువుతారే, ఆ గీత ఇలాంటిదే."

ఆ వాక్యంలో తెలుగు బైబిలు 'ఒక పొల్లయినా' అంటుంది. మేస్త్రి కళ్లు పెద్దవయ్యాయి. "పొల్లా! పొల్లంటే ఇదా? యూదులోళ్ల పుస్తకంలోకి మన తెలుగు పొల్లు ఎట్ట పోయిందబ్బా అని చిన్నప్పటినుంచీ అనుకుంటా ఉండా!"

ఆ చిన్న గీత పొడుచుకు రావలసింది పక్క అక్షరం వైపు. నేను అక్షరాలు ఇరికించి గీశాను గనుక మధ్యన మిగిలింది అగ్గిపుల్లంత రాయి. సుత్తిదెబ్బకు అది ఊడితే రెండక్షరాలూ ఒకటైపోతాయి. మేస్త్రి సుత్తి పక్కన పెట్టాడు. సన్న ఉలి మొనను అరచేత్తో నొక్కి కొంచెం కొంచెంగా గీరసాగాడు. నేను చుక్కచుక్కగా నీళ్లు వదులుతున్నాను. ఎజ్రా గారు ఒకసారి రాతినీ ఒకసారి పడమటి గోడమీది పొద్దునూ చూస్తున్నారు. ఎంతసేపు గీరాడో డైరీలో రాసుకోలేదు. పొద్దు గోడ వెనక్కి దిగుతుండగా మేస్త్రి రాతిపొడి ఊదేసి పక్కకు జరిగాడు. ఎజ్రా గారు వేలు ఆనించి ఆ చివరి మాటను పైకి పలికారు. నేను అన్నాళ్లూ కొలిచిన గీతలకు గొంతుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన మేస్త్రి చెయ్యి ఒకసారి నొక్కి, రిక్షా కోసం గబగబా నడిచారు.

సోమవారం యూదుల సమాధుల తోటకు పదిమందీ వచ్చారు. మేము దూరంగా నిలబడ్డాం. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ రాతిమీద ఒక గులకరాయి పెట్టి వెళ్లారు. తిరిగి వస్తూ, తప్పు తన మీద ఎందుకు వేసుకున్నాడని మేస్త్రిని అడిగాను.

"నువ్వు గీసింది తడిగుడ్డతో తుడిస్తే పోతాది. చెక్కింది నేను గదా" అన్నాడు. నాలుగడుగులు వేశాక మళ్లీ అన్నాడు: "మూల నాకు కనపడింది సామీ. కనపడినా అట్నే చెక్కినాను. నీ బీఏకి భయపడినాను."

తరువాత దస్తావేజులకు నకళ్లు తీసే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పదవీ విరమణదాకా అదే పని. అర్థం కాని గుర్తు ఎదురైతే ఉన్నది ఉన్నట్టు దించి, పక్కన 'తెలియలేదు' అని రాసేవాణ్ణి. ఆఫీసులో నన్ను 'తెలియలేదు గారు' అని ఎగతాళి చేసేవారు. ఎజ్రా గారికి నిజం చెప్పాలని రెండుసార్లు వాళ్ల వీధిదాకా వెళ్లి తిరిగి వచ్చాను. మూడోసారి వెళ్లేసరికి ఆయన లేరు.

ఆ శుక్రవారం నాటి డైరీ నా దగ్గరే ఉంది. అందులో ఒకే వాక్యం: 'మేస్త్రి పొరపాటు సరిదిద్దాడు.' ఎవరి పొరపాటో చదివేవాళ్లు ఎలాగైనా అనుకోవచ్చు. అలా అనుకోవడానికే ఆ రోజు అలా రాశాను. పాత డైరీలో కొత్త సిరా పెట్టకూడదన్నది నా నియమం. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మేస్త్రి నా పొరపాటు సరిదిద్దాడు.