ఉమామహేశ్వరి కారులో పక్క సీటు

జగన్మోహన్ లైసెన్సు ఏడు నెలలు రద్దయిందని విన్నరోజు ఉమామహేశ్వరి పరమాన్నం వండింది. ఎవరికీ పెట్టలేదు. గిన్నెడూ తానే కూర్చుని తిన్నది.

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఆమెను ఎరిగినవాళ్ళకు ఈ సంగతి చెబితే నమ్మరు. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగదు. ఇన్సూరెన్సు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసేది. తప్పులు వెతకడమే ఉద్యోగం గనక కాబోలు, ఇంటికొచ్చాక ఎవరి తప్పూ ఎత్తేది కాదు.

కొన్నేళ్ళ కిందట, తలా ఓ వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందు అయ్యాక ఆమె ఖాళీ గిన్నెలు కారులో సర్దుకుంటోంది. ఆమె ఉండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులోనే ఉండే జగన్మోహన్ తాగి ఉన్నాడు. వెనక్కి చూడకుండా కారు రివర్స్ చేసి ఆమెను గుద్దాడు. ఎడమకాలు విరిగింది. ఆసుపత్రికి అందరూ పరుగెత్తుకొచ్చారు, ఆమె చెయ్యి పట్టుకున్నారు. "అతని గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. కేసయితే పోతుంది. పిల్లల మొహం చూడు ఉమా." మంచుమీద జారిపడ్డానని ఆమె డాక్టరుతో చెప్పింది.

కాల్లో రాడ్డు వేశారు. చేతికి కర్ర వచ్చింది. నేలమీద కూర్చోవడం, మెట్లెక్కడం పోయాయి. అన్నిటికీ సర్దుకుంది, అతని మాటకు తప్ప. ఎక్కడ కనిపించినా జగన్మోహన్ నలుగురూ వినేలా, "పాపం, ఆ యాక్సిడెంట్ అయింది చూశారూ, అప్పుడే ఉమ కాలు విరిగింది. కుర్చీ వెయ్యండి" అనేవాడు. అయింది. విరిగింది. వాన కురిసింది, తెల్లవారింది అన్నట్టుగా.

చివరకు ఓ పార్టీ నుంచి తాగి నడుపుకుంటూ వస్తూ పోలీసులకు దొరికాడు. న్యూజెర్సీలో ఈ కేసులో బేరాలు సాగవు. ఆఫీసుకు పోయిరావడానికైనా మినహాయింపు ఇవ్వరు. రద్దులో ఉండగా నడుపుతూ దొరికితే జైలే. పాత సంగతి ఎక్కడా నమోదు కాలేదు గనక కోర్టువాళ్ళు దీన్ని మొదటి తప్పుగానే చూశారు. ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది.

వారం తిరక్కుండానే వచ్చి తలుపు తట్టాడు.

"మా శాంతికి డ్రైవింగ్ రాదు, నీకు తెలుసుగదమ్మా. మన ఆఫీసులు ఒకే రోడ్డుమీద. కాస్త డ్రాప్ చేస్తావా?"

"దానికేం అన్నయ్యగారూ, తప్పకుండా."

మొదటిరోజే కర్ర తీసి అతని ఒళ్ళో పెట్టింది. "పట్టుకోండి. వెనక పెడితే దొర్లుతుంది." సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఆవేళ ఏమైందంటారు?" అంది.

"యాక్సిడెంట్ అయింది గదా."

"దానంతట అదే?"

అతను నవ్వి రేడియో పెట్టాడు. ఆమె కట్టేసింది.

రోజూ అదే కర్ర, అదే ప్రశ్న. చలికాలం వచ్చింది. బయట మంచులో అతణ్ణి నిలబెట్టి, లోపల తీరిగ్గా కాఫీ తాగి బయల్దేరేది. ఒకరోజు వణుకుతూ ఎక్కినవాడు సీట్ బెల్ట్ కూడా పెట్టుకోకుండా అరిచినంత పని చేశాడు.

"నేనే గుద్దాను. తాగి గుద్దాను. నీ కాలు నేనే విరగ్గొట్టాను. చాలా?"

ఎన్నాళ్ళనుంచో వినాలనుకున్న మాట. కానీ ఆమె కోపం చల్లబడలేదు. "నాకు తెలియందా? ఆదివారం నళిని ఇంట్లో విందుంది గదా, అక్కడ చెప్పండి, అందరిముందూ."

"చెప్పకపోతే?"

"సోమవారం నుంచి నడవండి."

ఆదివారం అందరి ప్లేట్లలో పులిహోర ఉండగా, జగన్మోహన్ ఆమె కర్రను తన చేత పట్టుకుని నిలబడి జరిగిందంతా చెప్పాడు. ప్రతి మాటా అందరికీ వినబడింది. శాంతి తల ఎత్తలేదు. నళినే అంది, "పోనీలే అన్నయ్యా, అయిందేదో అయింది."

"అవలేదు నళినీ," అంది ఉమామహేశ్వరి. "చేశాడు. మీరందరూ కలిసి దాచారు."

అతని చేతిలోంచి కర్ర తీసుకుంది. అతను తలుపుదాకా వెనకే వచ్చాడు.

"రేపు ఆఫీసుకు దింపుతాను, మాటంటే మాటే. ఇవాళ మాత్రం నడవండి. వదినా, నువ్వు రా, ఎక్కు."

శాంతి మొగుడికేసి చూడకుండా వచ్చి పక్క సీట్లో కూర్చుంది. అతను వెనక్కి తిరిగి, దింపేవాళ్ళకోసం హాల్లోకి చూశాడు. మగవాళ్ళందరి చేతుల్లోనూ మందు గ్లాసులున్నాయి. ఎవరూ కారు తాళాలు తియ్యలేదు.

ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. మంచు పేరుకున్న గడ్డిలో కాలు కూరుకుపోతూ, పీక్కుంటూ, అతను కుంటుకుంటూ నడుస్తున్నాడు. ఉమామహేశ్వరి అద్దంలో మలుపుదాకా చూసుకుంది.