రంగనాథ్ ముక్కూ, కరెంటు పొయ్యీ

మా రంగనాథ్‌కు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ గ్యాస్ లీకవుతూనే ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా కూర్చునేలోపు ముక్కు పైకెత్తి, రెండు పక్కలా తిప్పి, "వాసనేమన్నా వస్తా ఉందా సామీ?" అని అడుగుతాడు. రావడం లేదంటే నమ్మడు. వస్తోందంటే పరిగెత్తుతాడు. అందుకని ఆయన స్నేహితులమంతా, ఏమో చెప్పలేం అన్నట్టు తలను అడ్డంగానూ నిలువుగానూ కలిపి తిప్పడం నేర్చుకున్నాం.

తార్నాక చౌరస్తాలో టీ తాగుతూ అడిగితే, పోనీ పొయ్యి ఉంది కదా అనుకోవచ్చు. హబ్సిగూడ మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ మీద కూడా అడిగాడు. మెట్రో గ్యాస్‌తో నడవదు మహానుభావా అన్నాను. జేబులో లైటర్ పెట్టుకున్నవాడు ఒక్కడైనా ఉండొచ్చు కదా అన్నాడు. ఆ రోజు రైలు దిగేదాకా నా ముందు నిలబడ్డ పెద్దమనిషి జేబు మీద నుంచి నేను చూపు తిప్పలేకపోయాను. రంగనాథ్ భయం జలుబులా పక్కవాడికి అంటుకుంటుంది.

మల్కాజ్‌గిరిలో ఒక పెళ్లి. గట్టిమేళం మోగుతోంది, అందరి చేతుల్లో అక్షింతలున్నాయి. రంగనాథ్ మాత్రం గాలి పీలుస్తూ వంటశాల వైపు నడిచాడు. ఆయన భార్య భాగ్యలక్ష్మి అక్కడే వంటవాళ్లకు ఏదో పురమాయిస్తూ ఉంది. సిలిండర్లన్నీ ఆపించేదాకా ఈయన వదల్లేదు. తాళి ముహూర్తానికే పడింది గానీ అన్నం సగం ఉడికి ఆగింది. ఆ పెళ్లివారు ఈనాటికీ ఆయన్ని పేరుతో పిలవరు. 'సిలిండరాయన' అంటారు.

విడ్డూరం ఏమిటంటే, రంగనాథ్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే వాయువుల మధ్య ఉద్యోగం చేసి, మధ్యాహ్నం ఆ ల్యాబు పక్కనే నిశ్చింతగా క్యారియర్ విప్పుకున్నవాడు. ఆ రోజుల్లో ఏ భయమూ లేదు. ఈ మధ్యనే పట్టుకుంది. వయసు ప్రభావం అనుకున్నాను. ఏ గుమ్మం ముందూ నిలకడగా నిలబడని నాలాంటి దేశదిమ్మరికి, ఇల్లు కట్టుకుని ఉండే మనుషుల భయాలు ఎలా పుడతాయో ఏం తెలుస్తుంది?

భాగ్యలక్ష్మికి ఊళ్లు చూడాలని ఆశ. బయటి వంట మాత్రం ఆమె గొంతు దిగదు. అందుకని ఆమె యాత్రలన్నీ చిత్రాన్నం పాడవకుండా ఉండేంత దూరమే సాగాయి. నేను ఎక్కడికైనా వెళ్లి వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి చెప్పించుకునేది. ఒకసారి కచ్‌లో చూసిన ఉప్పు ఎడారి గురించి చెప్పాను. కనుచూపు మేర తెల్లగా ఉప్పే, వెన్నెల్లో అయితే ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు అన్నాను.  "అది చూడాలి, అన్నా" అంది. ఆమె నోట 'చూడాలి' అనే మాట రావడం నేను వినడం అదే మొదలు.

ఆ మాట విని రంగనాథ్ ఒక పాత స్కూలు బస్సు కొన్నాడు. సీట్లు పీకించి పడకా, నీళ్ల తొట్టీ, వంటగట్టూ పెట్టించాడు. క్యాంపస్‌లో తెలిసినవాళ్ల క్వార్టర్ పక్కన నిలిపాడు. డ్రైవర్ సీటు వెనక అరలో చిన్న సిలిండరు. తొలి ప్రయాణం ఘట్‌కేసర్ దాకా అనుకున్నాం. హబ్సిగూడ దాటలేదు. సిగ్నల్ పడ్డప్పుడల్లా ఈయన దిగి, అర తలుపు తీసి, ముక్కు లోపల పెట్టేవాడు. వెనక హారన్ల గోల. ట్రాఫిక్ పోలీసు వచ్చి సంగతి అడిగితే, ఆయన్ని కూడా లోపలికి పిలిచి వాసన చూడమన్నాడు. పోలీసు బుద్ధిగా చూశాడు. ఏమో చెప్పలేనన్నట్టు తలను అడ్డంగానూ నిలువుగానూ కలిపి తిప్పాడు. వెనక్కి వచ్చేశాం.

మర్నాడే సిలిండరు దిగిపోయింది. బస్సంతా ఇక కరెంటే అన్నాడు. ఇంజను కాదు, సంసారం. బస్సు నెత్తిన సోలార్ పలకలు, పడక కింద లిథియం బ్యాటరీలు, ఒక ఇన్వర్టరు, ఒక ఇండక్షన్ పొయ్యి వచ్చాయి. లాలాపేట్ నుంచి పరుశురాం అనే ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లు లాగాడు. రంగనాథ్ అయస్కాంతం పట్టుకుని ఇంట్లో గిన్నె గిన్నెకూ ఆనించి చూశాడు. అంటుకున్నది బస్సెక్కింది, అంటుకోనిది ఇంట్లో మిగిలింది. భాగ్యలక్ష్మి తిరగవాత గరిటె, అంటే ఇక్కడివాళ్ల పోపు గరిటె, ఇనుముదే కాబట్టి అంటుకుంది. కానీ అంత చిన్న గుండ్రటి అడుగును ఆ పొయ్యి గిన్నె కింద ఒప్పుకోలేదు. కీచుమని అరిచి ఆగిపోయింది. దాని బదులు చదును అడుగు మూకుడు కొన్నారు.

రంగనాథ్‌ను వదిలిన భయం నన్ను పట్టుకుంది. పూర్వం సంచార జాతులు నిప్పుకణికల్ని కుండలో పెట్టి ఊరూరా మోసుకుపోయేవాళ్లని ఎక్కడో చదివాను. వాళ్లకు కనీసం నిప్పు కంటికి కనిపించేది. ఇక్కడ అది పెట్టెలో నోరు మూసుకుని, పడుకునే మంచం కిందే కూర్చుంటుంది. పరుశురాంను అడిగాను.

"ఏం గాదు సార్. మిక్సీ, పొయ్యి ఒక్కసారే పెట్టకుండ్రి, గంతే."

"పెడితే?"

"బంద్ అయితది."

బంద్ అవడమేనా, ఇంకేమైనా అవుతుందా అన్నాను. అతను నన్నూ రంగనాథ్‌నూ మార్చి మార్చి చూసి, "మీరిద్దరు ఒక్కటే బడిల చదివిన్రా సార్?" అన్నాడు.

ఆదివారం పరీక్ష. షరతు భాగ్యలక్ష్మే పెట్టింది. ఈ పొయ్యి మీద పప్పూ చారూ కుదిరితే కచ్. కుదరకపోతే బస్సు అమ్మేయాలి, ఇక తాను ఏ ఊరూ అడగదు. రంగనాథ్ ముఖంలో నెత్తురు లేదు. నాకైతే ఆ ఉప్పు ఎడారి కబురు అసలు ఎందుకు చెప్పానా అనిపించింది.

పప్పు ఉడికింది. చారు మరిగింది. పరుశురాం, నేనూ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. సోలార్ పలకల మీద పావురాలు వాలాయని రంగనాథ్ నిచ్చెన ఎక్కాడు. లోపల భాగ్యలక్ష్మి తిరగవాతకు మూకుడు పెట్టింది. పొయ్యి అడుగున ఫ్యాను గుయ్యిమంటోంది.

ముందు ఘాటు వచ్చింది, ఆ వెనకే పొగ. పరుశురాం దగ్గుతూ లేచాడు. నేను తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఆవాలు బొగ్గులయ్యాయి, నూనె నల్లబడింది. చారు ఘుమఘుమకు వీధివాళ్లను గుమ్మంలోకి రప్పించే మనిషి, ఆ మాడు కంపు మధ్యన ప్రశాంతంగా నిలబడి ఉంది. కళ్లు మూసుకుని, మూకుడు వైపు చెవి వంచి దేనికోసమో ఎదురుచూస్తోంది.

రంగనాథ్ నిచ్చెన మీద నుంచి దూకినంత పని చేసి, లోపలికి వచ్చి పొయ్యి ఆపేశాడు. తప్పు తనదేనని, మంట నంబరు తానే పెంచి మరిచిపోయానని గబగబా చెప్పాడు.

"మీరు పైన ఉన్నరు గద సార్, ఎట్ల పెంచిన్రు?" అన్నాడు పరుశురాం.

రంగనాథ్ చూసిన చూపుకు అతను మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

భాగ్యలక్ష్మి మూకుడు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్లింది. నేను రంగనాథ్‌ను బస్సు వెనక్కి తీసుకుపోయి, ఆమెకు వాసన తెలియడం లేదు కదూ అన్నాను. 

"ఆ కరోనా జ్వరం వచ్చి పోయినప్పటి నుంచి అంతే సామీ. కాఫీ పొడి డబ్బా తీసి వాసన చూడకుండానే మూత పెట్టేసింది ఒకరోజు. అప్పుడు తెలిసింది నాకు. ఆమె చెప్పల్యా, నేను అడగల్యా. పిల్లలకు తెలిస్తే వంటమనిషిని పెడతారు, పొయ్యి కాడికి రానీరు. అప్పటి నుంచి చెవులతో వండుతా ఉంది. ఆవాలు చిటపటమంటే జీలకర్ర. ఈ ఫ్యాను మోతలో ఆవాలు వినపడల్యా, అంతే."

అయితే మెట్రోలో, పెళ్లిలో, టీ కొట్టులో ఆ ప్రశ్నలన్నీ ఎందుకు అన్నాను.

"ఇంట్లో మాత్రమే అడిగితే ఆమెకు అనుమానం రాదా?"

ఒక్క వంటింట్లో అడగాల్సిన మాట కోసం ఈ మనిషి హైదరాబాదంతా అడిగాడు. సిలిండరాయన అనిపించుకున్నాడు. ట్రాఫిక్ ఆపాడు. 

భాగ్యలక్ష్మి తిరిగి వచ్చి మూకుడు గట్టు మీద బోర్లించింది. "అమ్మేయండి" అంది, మామూలుగా, కూరగాయలవాడితో మాట్లాడినట్టు. ఇంకొక్కసారి అన్నాడు రంగనాథ్. ఈసారి తాను పక్కనే నిలబడతాడట. గ్యాస్ కంటే కరెంటు అంటేనే తనకు ఎక్కువ భయమని ఇప్పుడే తెలిసిందట. ఆమె ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి, మూకుడు మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

నూనె పోసింది, ఆవాలు వేసింది. ఫ్యాను గుయ్యిమంది.  రంగనాథ్ మూకుడులోకి వంగి, ఉన్నట్టుండి వెనక్కి గెంతాడు.

"చిటపటమంటా ఉంది. షార్ట్ సర్క్యూట్."

భాగ్యలక్ష్మి జీలకర్ర వేసింది, మిరపకాయలు తుంచి వేసింది.

పరుశురాం టెస్టరు పట్టుకుని లోపలికి దూకాడు. "నా వైరింగ్ల షార్ట్ సర్క్యూట్ ఏంది సార్? యాడ?"

"కాలిన వాసన మొదలవుతా ఉంది" అన్నాడు రంగనాథ్, ముక్కు పట్టుకుని. ఆమె ఆ క్షణంలోనే ఇంగువా కరివేపాకూ వేసి, మూకుడు ఎత్తి చారులో గుమ్మరించింది. చుంయ్‌మన్న ఆ చప్పుడు ఫ్యాను మోతను మింగేసింది. బస్సంతా ఇంగువ. పావురాలు కూడా లేచిపోయాయి.

పరుశురాం ఇంకా పడక కింద దూరి ప్లగ్గు ప్లగ్గుకూ టెస్టరు పెడుతున్నాడు. తాతల కాలం నుంచి తమ ఇంట్లో ఎవరూ ఇట్లాంటి మాట పడలేదని గొణుగుతున్నాడు. భాగ్యలక్ష్మి విస్తళ్లు పరిచింది.

"బయటికి రా నాయనా, అన్నానికి. ఆ షార్ట్ సర్క్యూట్ చారులో పడిపోయింది."

రంగనాథ్ చేతిలో నీళ్ల చెంబు అలాగే ఆగింది. ఆమె ఆయన వైపు చూడకుండానే వడ్డన కానిచ్చింది. ఆయన చెంబు దించుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాడు.

"ఏమండీ, కచ్‌కు పోయేదారిలో రోజుకు ఎన్ని షార్ట్ సర్క్యూట్లు అయితాయో ముందే చెప్పండి. ఆవాలు దానికి తగినట్టు కట్టుకోవల్ల."